పెళ్లి వీసీడీలను డీవీడీకి ఎక్కించడం: వీడియోను ముట్టుకోకండి

వీహెచ్ఎస్ క్యాసెట్లు పోయి, డీవీడీలు ఇంకా రాని ఆ కొన్నేళ్లలో పెళ్లి వీడియో అంటే వీసీడీలే (వీడియో సీడీలు). ఒక్కో పెళ్లికి నాలుగైదు డిస్కులు. వాటన్నిటినీ ఒక డీవీడీలో సర్దాలని కూర్చున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, ఫైళ్లను కన్వర్టర్‌లో పడేసి ‘డీవీడీ క్వాలిటీ’ని ఎంచుకోవడం. అప్పుడా సాఫ్ట్‌వేర్ వీడియోనంతా విప్పి, 720×576కి సాగదీసి, మళ్లీ డీవీడీలు వాడే ఎంపెగ్-2 ఫార్మాట్‌లోకి కుదిస్తుంది. గంటలకు గంటలు పోతాయి, బొమ్మ ఇంకాస్త చెడుతుంది, ఫైలేమో నాలుగైదింతలు అవుతుంది.

నిజానికి వీసీడీలోని వీడియో ఉన్నదున్నట్టుగానే డీవీడీకి పనికొస్తుంది. మన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీసీడీలో ఉండేది 352×288 ఎంపెగ్-1 వీడియో, సెకనుకు 25 ఫ్రేములు, 1150 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). డీవీడీ ప్రమాణం ఇదే సైజులో ఎంపెగ్-1ను 1856 కేబీపీఎస్ దాకా అనుమతిస్తుంది. కుదరనిది ఆడియోనే. వీసీడీలో అది 44.1 కిలోహెర్ట్జ్, డీవీడీకి 48 ఉండాలి. కాబట్టి ఆడియోను మార్చి, వీడియోను కాపీ చేస్తే చాలు.

720×576కి పెంచినంత మాత్రాన పెళ్లికూతురి ముఖంలో లేని వివరం పుట్టుకురాదు. ప్లేయర్ ఎలాగూ టీవీకి సరిపడా పెంచే చూపిస్తుంది. పైగా 1150 కేబీపీఎస్‌లో ఇరికించిన వీడియోలో జరీ అంచుల చుట్టూ, ఫ్లాష్ వెలిగిన ప్రతిచోటా గళ్లు పడి ఉంటాయి. రెండోసారి కుదించే ఎన్‌కోడర్‌కు అవి కూడా బొమ్మలో భాగమే. బిట్లను వాటిమీద ఖర్చుపెట్టి, తన గళ్లను మరికొన్ని చేరుస్తుంది.

ముందు ఫైలును సరిగ్గా బయటికి తీయాలి. డిస్కులో ఎంపెగ్‌ఏవీ (MPEGAV) ఫోల్డర్‌లో కనిపించే .dat ఫైలును విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే 2352 బైట్ల ముడి సెక్టార్లు (డిస్కు మీది డేటా ముక్కలు) వస్తాయి. ఒక్కో సెక్టార్‌లో అసలు ఎంపెగ్ 2324 బైట్లే. వీసీడీగేర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పైతొడుగు తీసేసి ఎంపీజీ ఫైలు ఇస్తుంది. ఐసోబస్టర్‌లో అయితే ఎంపెగ్ ఫ్రేములను మాత్రమే వడకట్టి తీసే ఎంపిక ఉంది. లినక్స్‌లో మామూలు కాపీ ఎర్రర్లతో ఆగిపోతుంది, వీసీడీఇమేజర్‌తో వచ్చే వీసీడీఎక్స్‌రిప్ వాడాలి. వీసీడీ వీడియో సెక్టార్లలో డేటా సీడీకి ఉండే అదనపు ఎర్రర్ కరెక్షన్ ఉండదు, అందుకే చిన్న గీత కూడా తెరమీద కనబడుతుంది. డిస్కును తుడిచి, వేగం తగ్గించి, వీలైతే రెండు డ్రైవుల్లో చదివి చూడండి.

తరవాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ (కమాండ్లతో నడిచే వీడియో సాఫ్ట్‌వేర్). వీడియో కోడెక్ కాపీ, ఆడియో ఏసీ-3, 48000 హెర్ట్జ్, 192 కేబీపీఎస్, అవుట్‌పుట్ ఫార్మాట్ డీవీడీ, ప్యాకెట్ సైజు 2048, మక్స్‌రేట్ 10080000. ఇదంతా ఒకే కమాండ్‌లో చేయండి. ఆడియో, వీడియోలను విడివిడి ఫైళ్లుగా తీసి మళ్లీ కలిపితే వాటి మొదట్లో ఉన్న తేడా పోయి, మంత్రాలు ఒక చోట, పురోహితుడి పెదవులు ఇంకో చోట ఉంటాయి. గీతలున్న డిస్కయితే ఆడియో రీశాంప్లింగ్ ఫిల్టర్‌కు అసింక్ 1 (aresample=async=1) ఇవ్వండి, ఆడియోలోని ఖాళీలను అదే పూడుస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో రెడీమేడ్‌గా ఉండే పాల్-డీవీడీ టార్గెట్‌ను మాత్రం ఒంటరిగా వాడొద్దు, వీడియోను 720×576లో 6000 కేబీపీఎస్‌కు మళ్లీ ఎన్‌కోడ్ చేసేస్తుంది.

నిజంగా కాపీ అయిందా అన్నది సైజే చెబుతుంది. గంట వీడియో 620, 640 ఎంబీల మధ్య రావాలి. రెండు జీబీ దాటిందంటే ఎక్కడో ఎన్‌కోడర్ నడిచింది. ఈ లెక్కన 4.7 జీబీ డిస్కులో ఆరు గంటల పెళ్లి హాయిగా పడుతుంది.

ఈ ఫైళ్లను డీవీడీ రూపంలో సర్దే డీవీడీఆథర్‌కు ఇచ్చేటప్పుడు, నాలుగు డిస్కుల ఫైళ్లను ముందే అతికించి ఒకటి చేయకండి. టైమ్‌స్టాంపులు మళ్లీ సున్నా నుంచి మొదలవడంతో ‘ఎస్సీఆర్ (ఫైలులోని గడియారం) వెనక్కి వెళుతోంది’ అన్న హెచ్చరిక వస్తుంది. ఒకే పీజీసీలో (డీవీడీ ఆడించే వరస) నాలుగు వీఓబీలుగా (డీవీడీ వీడియో ఫైళ్లు) వరసగా పెడితే వెంటవెంటనే ఆడతాయి, అతుకు దగ్గర క్షణకాలం ఆగితే ఆగొచ్చు. ‘మొదటి వీఓబీయూ (వీఓబీలోని చిన్న ముక్క) కోసం చూస్తున్నా’ అంటూ సెక్టార్లు వదిలేస్తుంటే, ఫైలులో ప్లేయర్‌కు దారి చూపే న్యావ్ ప్యాకెట్లు లేవని అర్థం. పై కమాండ్‌లో ఫార్మాట్ డీవీడీ అని ఇవ్వడం మరిచిపోయి ఉంటారు. ఆస్పెక్ట్‌ను (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 4:3 అని మీరే రాయండి, ఎంపెగ్-1 హెడర్‌ను నమ్మకండి.

అక్కర్లేని భాగాలను కోసేయాలనిపిస్తుంది. కోయడం కన్నా చాప్టర్లు పెట్టడం మేలు: జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు. చాప్టర్ దగ్గర్లోని ఐ-ఫ్రేమ్‌కు (వేరే ఫ్రేము మీద ఆధారపడని పూర్తి ఫ్రేము) జరుగుతుంది. 15 ఫ్రేములకొక ఐ-ఫ్రేమ్ ఉంటే తేడా 0.6 సెకన్లకు మించదు. తప్పదనుకుంటే ఐ-ఫ్రేమ్ దగ్గరే కోయండి. ఆ వెంటనే వచ్చే బి-ఫ్రేములు (ముందువెనకల ఫ్రేముల మీద ఆధారపడేవి) మీరు కోసేసిన భాగంలోని ఫ్రేమును వెతుక్కుంటే, అక్కడ క్షణంపాటు ముద్దలు కనిపిస్తాయి.

అదే డిస్కులో రిసెప్షన్‌ది 720×576 ఎంపెగ్-2 క్లిప్ కూడా పెట్టాలా? రెండిటినీ ఒకే సైజుకు తేవద్దు. ఒక టైటిల్‌సెట్‌లో (డీవీడీలో వీడియోల ఒక గుంపు) వీడియో అంతా ఒకే రకంగా ఉండాలన్నది నియమం, టైటిల్‌సెట్లు 99 దాకా పెట్టుకోవచ్చు. రిసెప్షన్ క్లిప్‌కు వేరే టైటిల్‌సెట్ ఇచ్చి మెనూ నుంచి దారి పెట్టండి. మెనూ వీడియో లక్షణాలు వేరే లెక్క కాబట్టి అది 720×576లో ఉన్నా ఇబ్బంది లేదు. కమాండ్లు వద్దనుకునేవాళ్లు డీవీడీస్టైలర్‌లో టైటిల్ ప్రాపర్టీస్ తెరిచి, వీడియోకు ‘కాపీ’ ఎంచుకోవచ్చు.

ఎన్‌కోడ్ తప్పనివీ ఉన్నాయి. ఎస్‌వీసీడీ (సూపర్ వీసీడీ) వీడియో 480×576, ఆ సైజు డీవీడీకి చెల్లదు. హెడర్‌లో 720 అని మార్చి ఏమార్చే చిట్కా ఒకటుంది గానీ, ఒక ప్లేయర్‌లో ఆడింది ఇంకోదాంట్లో ఆగిపోతుంది. డివ్ఎక్స్ ఏవీఐ ఫైళ్లు, ఫోన్లలో తీసే హెచ్.264 వీడియోలు కూడా మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సినవే. ఇంకొకటి, డిస్కు అమెరికాలో ఉన్న కూతురికి పంపేదైతే అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ ఆడదు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి మార్చాలంటే వీడియోను విప్పక తప్పదు. కంప్యూటర్లో చూసుకుంటారంటే మాత్రం పాల్ డిస్కునే పంపండి.