హిమకుంద మృణాలాభం: జాతకంలో శుక్రుడు, చేతిలో కళ

ఎవరికైనా ఉన్నట్టుండి డబ్బూ పేరూ కలిసొస్తే మనవాళ్ల నోట వచ్చే మాట ఒకటే, "వాడికి శుక్ర మహర్దశ పట్టిందిరా" అని. ఇల్లు కొన్నా, సినిమా ఆడినా, మంచి సంబంధం కుదిరినా ఆ పుణ్యమంతా శుక్రుడి ఖాతాలోకే. పిల్లలకు సంగీతమో నాట్యమో చెప్పించే ఇళ్లలో ఇదే మాట ప్రశ్నగా మారుతుంది: "శుక్రుడు బాగున్నాడా? మా పిల్లకు కళ అబ్బుతుందా?" అలా జాతకం పట్టుకొచ్చిన వాళ్లతో చక్రం విప్పకముందే నేను నవగ్రహ స్తోత్రంలోని శుక్ర శ్లోకం చదివిస్తాను.

హిమకుంద మృణాలాభం దైత్యానాం పరమం గురుమ్ ।
సర్వశాస్త్ర ప్రవక్తారం భార్గవం ప్రణమామ్యహమ్ ॥

వ్యాసుడు చెప్పాడని మనం భక్తితో చదువుకునే ఈ రెండు పంక్తుల్లో నగలు లేవు, వాహనాలు లేవు, కళత్రకారకుడన్న, అంటే పెళ్లిని చూసే గ్రహమన్న ఊసే లేదు. మంచులా, మొల్లపువ్వులా, తామరతూడులా తెల్లనివాడు. దైత్యులకు పరమ గురువు. శాస్త్రాలన్నీ ప్రవచించినవాడు. భృగువంశంలో పుట్టినవాడు. ఆ మూడు తెలుపుల్లో తామరతూడు బురదలో ఉంటుంది, తవ్వి కడిగితే తప్ప దాని తెలుపు కనపడదు. నాకు శ్లోకం మొత్తంలో ఇష్టమైనది అదే. గీతలో విభూతియోగం 37వ శ్లోకంలో భగవానుడు "కవీనాముశనా కవిః" అని కవులలో తాను ఉశనసుణ్ణని చెప్పుకున్నాడు. ఆ ఉశనసుడే శుక్రాచార్యుడు.

ఇక ఆయన కథ. వామనుడికి దానం ఇవ్వవద్దని బలిని వారించిన ఘట్టం అందరికీ తెలుసు, భాగవతం పద్యాలు బడిలోనే కంఠతా పట్టినవాళ్లం. కళ సంగతికొస్తే మాత్రం భారతం ఆదిపర్వంలోని కచుడి కథే చూడాలి. దేవగురువు బృహస్పతి కొడుకు కచుడు, చచ్చినవాళ్లను బతికించే మృతసంజీవని విద్య నేర్చుకోవడానికి శత్రువుల గురువు దగ్గరకే వచ్చి శిష్యరికం చేశాడు. రాక్షసులు అతణ్ణి చంపుతూ వచ్చారు, కూతురు దేవయాని కంటతడి చూసి శుక్రుడు బతికిస్తూ వచ్చాడు. చివరికి వాళ్లు కచుణ్ణి కాల్చి, ఆ బూడిద కల్లులో కలిపి గురువు చేతనే తాగించారు. పిలిస్తే కడుపులోంచి పలికాడు శిష్యుడు. అతను బయటికొస్తే గురువు పోతాడు, రాకపోతే శిష్యుడు పోతాడు. అప్పుడు శుక్రుడు తన కడుపులో ఉన్నవాడికే సంజీవని ఉపదేశించాడు. కచుడు పొట్ట చీల్చుకుని వచ్చి, అదే విద్యతో గురువును లేపాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా విద్యను దాచుకోనివాడు మన జాతకాల్లో కళకు కారకుడు. లేచిన మరుక్షణం ఆయన చేసిన పని మద్యాన్ని నిషేధిస్తూ శాసనం పెట్టడం. మందు పడితేనే పాట వస్తుందని వాదించే మిత్రులు ఈ ఘట్టం ఒకసారి చదవాలి.

ఇప్పుడు చక్రం. కళకు ఒక్క శుక్రుణ్ణే చూస్తే సగం చూసినట్టే. పుట్టిన వేళ తూర్పున ఉదయించే రాశి లగ్నం, స్థానాలన్నీ అక్కడి నుంచే లెక్క. ఊహ పుట్టేది పంచమంలో, అంటే అయిదో స్థానంలో, అది పూర్వపుణ్య స్థానం. గొంతుకు ద్వితీయం, చేతికి తృతీయం చూడాలి. మాటకు, లెక్కకు బుధుడు, మనసుకు చంద్రుడు. శుక్రుడు కేంద్రంలో (1, 4, 7, 10 స్థానాల్లో) స్వక్షేత్రంలోనో, అంటే సొంత రాశిలోనో, ఉచ్చలోనో ఉంటే మాళవ్య యోగం అంటారు. ఇవన్నీ ఏ పుస్తకం తిరగేసినా దొరుకుతాయి.

ఎక్కువమంది దాటేసేది ఉచ్చనీచల సంగతి. గ్రహానికి బలం ఎక్కువుండే రాశి ఉచ్చ, బలం తగ్గే రాశి నీచ. శుక్రుడికి మీనం ఉచ్చ, కన్య నీచ. బుధుడికి సరిగ్గా తిరగేసి, కన్య ఉచ్చ, మీనం నీచ. ఒకరు ఎక్కిన మెట్టు మీద ఇంకొకరు జారతారు. రసానికి హద్దుల్లేవు, లెక్కకు హద్దులే ప్రాణం, కాబట్టి ఇద్దరికీ పడదని ఇక్కడితో తేల్చేస్తారు చాలామంది. ఇంకొంచెం లోపలికి వెళ్లి భాగలు, అంటే డిగ్రీలు చూడండి. శుక్రుడి పరమోచ్చ మీనంలో 27వ భాగ. అది రేవతి నాలుగో పాదం, రేవతికి అధిపతి బుధుడే. పరమనీచ కన్యలో 27వ భాగ. అది చిత్త రెండో పాదం, చిత్తకు దేవత త్వష్ట, దేవతల శిల్పి. రసం శిఖరానికి చేరిన చోట బుధుడి నక్షత్రం ఉంది, అడుగుకు దిగిన చోట ఉలి పట్టిన దేవుడు కూర్చున్నాడు. ఇది చూశాక నీచ శుక్రుడి పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టడానికి నాకు నోరు రాదు.

మా వీధిలో ఒకమ్మాయిది మకర లగ్నం. ఆ లగ్నానికి శుక్రుడు అయిదు, పది స్థానాల అధిపతి, అంటే మేలు చేసే యోగకారకుడు. కానీ తొమ్మిదింట కన్యలో నీచపడ్డాడు. పక్కనే ఉచ్చ బుధుడున్నాడు, నీచభంగమైంది, అంటే ఆ నీచదోషం పోయింది. అయినా ఎవరో "కళలు అబ్బవు" అనేశారు, తల్లి దిగులు పెట్టుకుంది. ధనుర్మాసంలో ఆ పిల్ల ముగ్గు వేయడం చూడాలి. ఇరవయ్యొక్క చుక్క పెడుతుంది, వరస కాస్త వంకర పోయిందనిపిస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదటి చుక్క నుంచి పెడుతుంది. పక్కింటివాళ్ల రథం ముగ్గు పూర్తయ్యే వేళకు ఈమెది ఇంకా చుక్కల దగ్గరే ఉంటుంది. కన్యా శుక్రుడంటే నాకు అర్థమైంది అదే: అందం కనపడుతుంది, అందులో తప్పు అంతకన్నా ముందు కనపడుతుంది. ఇలాంటి పిల్లలకు మెచ్చుకోలు కావాలి. తప్పులు వాళ్లే పట్టుకుంటారు, మనం కూడా పట్టనక్కర్లేదు.

మౌఢ్యం, అంటే గ్రహం సూర్యకాంతిలో కనపడకుండా పోవడం గురించి ఒక మాట. శుక్ర మూఢమి వస్తే ముహూర్తాలు ఆపేస్తాం. జాతకంలో శుక్రుడు సూర్యుడికి దగ్గరై అస్తంగతుడైతే ప్రతిభ వెలుగు చూడదని చెబుతారు. ఆయన సూర్యుణ్ణి వదిలి 47, 48 భాగలకు మించి ఎప్పుడూ వెళ్లలేడు, కాబట్టి ఎవరి చక్రంలోనైనా రవి పక్కపక్కనే ఉంటాడు. ఆకాశంలో చూస్తే పడమట మాయమైన శుక్రుడే కొన్నాళ్లకు తూర్పున వేగుచుక్కగా పొడుస్తాడు. పేరు ఆలస్యమవుతుందంటే ఒప్పుకుంటాను, అసలు రాదంటే ఒప్పుకోను.

మళ్లీ ఆ మహర్దశ మాట. జన్మనక్షత్రాన్ని బట్టి గ్రహాలకు ఏళ్లు పంచే వింశోత్తరి లెక్కలో శుక్రుడిది 20 ఏళ్లు, అన్నిటికన్నా పెద్ద దశ. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు ముందు తమ నక్షత్రం చూసుకోవాలి. భరణి, పుబ్బ, పూర్వాషాఢ వాళ్లకు పుట్టుకతోనే మొదలై చదువుల నాటికే చాలావరకు అయిపోతుంది. కృత్తిక, ఉత్తర, ఉత్తరాషాఢ వాళ్లకు రవి దశ శేషం పోగా మరో 94 ఏళ్లు గడిస్తే గానీ రాదు. వాళ్లలో కళాకారులు పుట్టడం మానేశారా? ప్రతి మహర్దశలోనూ మిగతా గ్రహాలకు వచ్చే అంతర్దశలున్నాయి. శని మహర్దశలో శుక్రుడికి మూడేళ్ల రెండు నెలలు వస్తాయి, ఆ ఇద్దరూ మిత్రులు కూడా. శని ఉచ్చపడేది శుక్రుడి సొంతిల్లు తులలోనే. ఓర్పు, సాధన, పదే పదే అదే వరస వాయించడం, ఇవన్నీ శని సొత్తు. గుళ్లో శనికి నువ్వులనూనె పోసి గండం గడవాలని మొక్కుతాం, పిల్ల రోజూ సాధన చేసేలా చూడమని అడగం.

శుక్రుడి రత్నం కదా, వజ్రపు ఉంగరం పెట్టించమంటారా అని అడుగుతారు. మకర, కుంభ లగ్నాలకు సరే. మీనానికి ఆయన మూడు, ఎనిమిదింటి అధిపతి, ధనుస్సుకు ఆరింటి ఆధిపత్యమూ ఉంది, ఇవి మంచి స్థానాలు కావు, అక్కడ తొందర వద్దు. బొబ్బర్లు, తెల్లబట్ట దానం అందరికీ పనికొస్తుంది, ఖర్చూ తక్కువ. శుక్రవారం సూర్యోదయం నుంచి మొదటి గంట శుక్రహోర, అంటే శుక్రుడి గంట. స్నానం చేసి ఈ శ్లోకం చదువుకుని, ఆ గంటంతా వీణో కుంచో కలమో మీది ఏదైతే అది పట్టుకుని కూర్చోండి. ఫోను పక్క గదిలో పెట్టి మరీ.