తొందరలేని ఎక్స్‌ప్రెస్

రైలు పాట అంటే కూత, కిటికీ, కళ్లనీళ్లు ఉండాలనుకునేవాళ్లకి జర్మన్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ 1977లో చేసిన ‘ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్’ కాస్త నిరాశే. షాంజెలీజేలో కలుద్దాం, పొద్దున ప్యారిస్ వదిలి రైలెక్కుదాం, రాత్రి వియన్నాలో కెఫేలో కూర్చుందాం, తర్వాత మా ఊరు డ్యూసెల్‌డార్ఫ్ వెళ్లి రాక్ గాయకులు ఇగ్గీ పాప్‌నీ డేవిడ్ బోవీనీ కలుద్దాం... కథంతా ఇంతే. అదీ టైమ్‌టేబుల్ చదువుతున్నంత పొడిగా పాడతారు. నాకు నచ్చిందే ఆ పొడితనం.

ఆ పేరుతో నిజంగానే రైళ్లుండేవి. పశ్చిమ యూరప్ దేశాల రైల్వేలు కలిసి 1957లో మొదలుపెట్టాయి, అన్నీ ఫస్ట్ క్లాసే. యుద్ధం ముగిసి పుష్కరం గడిచేసరికి జర్మనీ, ఫ్రాన్స్ మధ్య సూటుబూటు జనం హాయిగా తిరగడం మొదలుపెట్టారన్నమాట. యుద్ధం తర్వాత పెరిగిన జర్మన్ కుర్రాళ్లు తమది యూరప్ అని పాడటం వెనక ఇదంతా ఉందని నాకనిపిస్తుంది, పాటలో మాత్రం ఆ ఊసే ఎత్తరు.

ఇక లయ. బ్యాండ్‌లో ఒకడైన కార్ల్ బార్టోస్ చెప్పినదాని ప్రకారం, రైలు చప్పుడు ఎలా ఉంటుందో వెళ్లి విన్నారు, కానీ అది ఉన్నదున్నట్టు వాడితే డాన్స్‌కి పనికిరాదని కొంచెం మార్చారు. ఆ ‘కొంచెం’లోనే ఉంది మజా అంతా. పైన మెట్టుమెట్టుగా ఎక్కే ఆ ట్యూన్, కింద తొణకని బీట్, అస్సలు స్పీడ్ పెంచరు.

న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజేలకి ఇది ఎక్కడం ఎవరూ ఊహించి ఉండరు. 1982లో అక్కడి డీజే ఆఫ్రికా బంబాటా బృందం ‘ప్లానెట్ రాక్’లో ఇదే ట్యూన్‌ని మళ్లీ వాయించి, కింద 808 డ్రమ్ మెషీన్ పెట్టింది, దాంతో హిప్‌హాప్‌లో ఎలక్ట్రో అనే కొత్త దారే తెరుచుకుంది.

అయితే నా ఓటు అదే ఆల్బమ్‌లో ఈ పాట వెంటనే వచ్చే ‘మెటాల్ అవుఫ్ మెటాల్’కి. మాటల్లేవు, లోహం మీద లోహం దెబ్బలే. 1997లో మోజెస్ పెల్హామ్ అనే నిర్మాత అందులోంచి రెండు సెకన్ల ముక్క తీసుకుని ఓ ర్యాప్ పాటలో లూప్ చేస్తే, క్రాఫ్ట్‌వెర్క్ వాళ్లు వేసిన కేసు జర్మన్ రాజ్యాంగ కోర్టు దాటి 2019లో యూరోపియన్ యూనియన్ కోర్టు దాకా వెళ్లింది. రెండు సెకన్లకి ఇన్నేళ్ల గొడవా అని నవ్వొస్తుంది గానీ, ఆ దెబ్బలు వింటే ఎందుకు వదల్లేదో తెలుస్తుంది.

వినేటప్పుడు షఫుల్ ఆపేయండి. ఈ రెండూ, వెనకే ‘అబ్‌త్సూగ్’ కలిపి సుమారు 13 నిమిషాలు. ఒకదాంట్లోంచి ఇంకోటి జారుతూ వస్తుంది, మధ్యలో తెంచితే మొత్తం పోతుంది.