గాలివాన వెలిశాక అడవిదారిలో

వాన వెలిసిన వెంటనే దారి పట్టలేదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. మధ్యలో ఇంకొకటి వినిపిస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మబ్బు దాటిపోయి ఎండ పొడ కనిపిస్తున్నా, పదిహేను కిలోమీటర్ల అవతలి మేఘం నుంచి కూడా పిడుగు పడగలదు. పైన ఆకాశంలో గాలివాన ముగిసినా అడవిలో అప్పుడే ముగియదు. ఆకుల మీద ఇంకాసేపు, వాగులో కొన్ని గంటలు, వేళ్ళ కింద కొన్ని రోజులు సాగుతూనే ఉంటుంది. చూడవలసినవన్నీ ఆ ఆలస్యంలోనే ఉంటాయి, జాగ్రత్త పడవలసినవి కూడా.

చెట్ల కిందికి వెళ్ళేముందు తలెత్తి చూశాం. విరిగినా కింద పడకుండా పక్క కొమ్మల్లో చిక్కుకుని వేలాడే కొమ్మలు గాలి లేకపోయినా తడి బరువుకే జారిపోతాయి. ఆ తర్వాత చెట్ల మొదళ్ళు. నేల బాగా నానితే వేళ్ళకు పట్టు సడలుతుంది. మొదలు దగ్గర ఒకవైపు మట్టి ఉబ్బినా, చుట్టూ వంపుగా కొత్త బీట కనిపించినా ఆ చెట్టు కదిలిందన్నమాట. దారి పక్కనే అలాంటిది ఒకటి కనిపిస్తే, దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం నుంచి చుట్టు తిరిగి వెళ్ళాం. కూలిన మాను కింద విల్లులా వంగి ఇరుక్కున్న చిన్న చెట్లను ముట్టుకోకూడదు. పైబరువు కాస్త జరిగితే చాలు, అవి ఒక్కసారిగా లేచి కొడతాయి.

లోపల ముందుగా పలకరించేది వాసన. చిరిగిన ఆకుల పచ్చివాసన పైన, మట్టివాసన కింద. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ వాన వాసనకు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఎండిన కాలంలో రాళ్ళూ మట్టీ పీల్చుకున్న మొక్కల నూనెలు అందులో ఒక భాగం. నేలలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఇంకో భాగం. లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాతో ఇంకో సంగతి చూపించారు. చినుకు మట్టిని తాకినప్పుడు దాని కింద చిక్కిన గాలి బుడగలై పైకి వచ్చి చిట్లుతుంది, ఆ తుంపరలతో పాటు నేలలోనివి గాలిలోకి లేస్తాయి. కుండపోత కన్నా సన్నటి, ఓ మోస్తరు వానకే ఇది ఎక్కువ. గాలివాన తోకలో వచ్చే జల్లుకి వాసన గుప్పుమనడం అందుకే. జల్లు కూడా ఆగాక వాసన తగ్గిపోతే, రాలిన ఆకుల పొరను వేళ్ళతో కొంచెం ఎత్తి, వంగి పీల్చండి. అక్కడ ఇంకా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి తడిసిన మాను బెరళ్ళు. పొడిగా ఉన్నప్పుడు బెరడు మీద బూడిదరంగు మచ్చల్లా కనిపించే లైకెన్లు (శిలీంధ్రం, ఆల్గే అనే సూక్ష్మమైన పచ్చజీవులు కలిసి బతికేవి) తడిస్తే పచ్చబడతాయి. కొత్త రంగేమీ పుట్టదు. వాటి పైపొర నీరు పీల్చి పారదర్శకమవుతుంది, లోపలున్న ఆల్గే పచ్చదనం బయటికి కనిపిస్తుంది. ముడుచుకుపోయిన నాచు కూడా అంతే, నీరు అందిన కొద్ది నిమిషాల్లోనే ఆకులు విప్పుకుంటుంది. పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఉంటే, దాన్ని కంటికి ఆనించి పట్టుకుని మొహాన్నే బెరడు దగ్గరికి తీసుకెళ్ళాలి. భూతద్దాన్ని బెరడు దగ్గర పెట్టి మనం దూరంగా ఉంటే ఏమీ కనపడదు. గాలీ ఎండా తగిలితే ఈ పచ్చదనం త్వరగా వెళ్ళిపోతుంది. కాబట్టి ముందు ఎండ తగిలే వైపు మానులు చూసి, నీడవైపువి తర్వాతికి ఉంచుకున్నాం. నున్నటి బెరడున్న చెట్ల మొదట్లో తెల్లటి నురగ పేరుకుని ఉంటుంది. ఎవరో సబ్బునీళ్ళు పోశారనుకునేరు. మానుమీదుగా జారే నీరు బెరడులోని పదార్థాలను కరిగించుకుని గాలితో కలిసి కట్టిన నురగ అది.

ఆకుల నుంచి రాలే చుక్క వానచినుకు కన్నా పెద్దది. చిన్న చుక్కలు ఆకు కొసకు చేరి, ఒకటై, బరువు ఆగక రాలతాయి. గాలి లేనప్పుడు ఒక్కచోట నిలబడితే చుక్క ఏ ఆకు మీద పడుతోందో చెవికే తెలుస్తుంది: వెడల్పాటి ఆకు మీద మొద్దుగా, ఎండుటాకు మీద టప్పుమని. ఇది వినాలంటే, టోపీ ఉన్న వానకోటు వేసుకుని ఉంటే, ఇప్పుడు ఆ టోపీ వెనక్కి తోసేయాలి.

ఫొటో తీసేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. చుక్క ఒక చిన్న కటకం, వెనకున్న దృశ్యం అందులో తలకిందులుగా కనిపిస్తుంది. ఫోకస్ చుక్క అంచు మీద కాదు, లోపలి బొమ్మ మీద పెట్టాలి. తడి ఆకుల తెల్లటి మెరుపు పచ్చదనాన్ని మింగేస్తుంటే పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, ఒక దిశలో కంపించే కాంతినే పోనిచ్చే ఫిల్టర్) తిప్పితే తగ్గుతుంది. చల్లటి గదిలోంచి తెచ్చిన కెమెరాను ఈ తేమగాలిలో వెంటనే తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. గాలి చొరని సంచిలోనే అరగంట ఉంచి తీయడం మేలు.

దారిలో రెక్కలు మొలవని పక్షిపిల్ల కింద పడి కనిపిస్తే, గూడు అందే ఎత్తులో ఉంటే అందులో పెట్టేయవచ్చు. మనిషి చేయి తగిలితే తల్లి రాదన్నది నిజం కాదు.

వాగు దగ్గర తొందరపడలేదు. పైన కొండల్లో పడిన నీరు ఇక్కడికి ఆలస్యంగా చేరుతుంది. అందుకే ఎండ కాస్తుండగానే వాగు పెరగడం వింతేమీ కాదు. నీటి అంచున ఒక రాయి పెట్టి పది నిమిషాలు చూశాం. రాయి మునిగితే వాగు ఎక్కుతోందని. తేటనీరు ఉన్నట్టుండి ఎర్రబడటం, పుల్లలూ ఆకులూ ఎక్కువగా కొట్టుకురావడం, అడుగున రాళ్ళు దొర్లే చప్పుడు, ఈ మూడింట్లో ఏది కనిపించినా దాటకూడదు. వడి ఉంటే పదిహేను సెంటీమీటర్ల లోతు నీరే పెద్దవాళ్ళను పడగొట్టగలదు. మోకాలు దాటి, వడిగా పారే నీటిలో దిగనే కూడదు. దాటదగ్గదని తేలాక కూడా వంపుల దగ్గర వద్దు, బయటి ఒడ్డున లోతు ఉంటుంది. కిందివైపు అడ్డంగా పడిన చెట్టు ఉన్నచోట అసలే వద్దు. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి మాత్రం అక్కడే చిక్కుకుంటాడు. వెడల్పాటి, రెండు మూడు పాయలుగా చీలినచోటు మంచిది. వీపుసంచి నడుము పట్టీ విప్పేసి, బూట్లు విప్పకుండా, నీరు వచ్చేవైపు మొహం పెట్టి, ఆ వైపే చేతికర్ర ఆనించి, ఒక్కో అడుగూ పక్కకు వేస్తూ దాటాం. కర్ర, రెండు కాళ్ళు, ఈ మూడింట్లో ఎప్పుడూ ఒక్కటే కదలాలి.

అవతల చెట్లు పలచబడి ఆకాశం తెరుచుకుంది. దూరంగా ఇంకా వాన పడుతుంటే, సూర్యుడు వీపు వెనకుంటే, మన నీడ మన ఎత్తు కన్నా పొడవుగా ఉంటే ఇంద్రధనుస్సు కోసం వెతకవచ్చు. సూర్యుడు 42 డిగ్రీల కన్నా ఎత్తులో ఉంటే మైదానం మీద అది కనపడదు. మన తల నీడ పడే చోటే ఆ వలయానికి కేంద్రం. చేయి చాచి పట్టుకున్న రెండు జానల దూరంలో చుట్టూ చూస్తే చాలు. 51 డిగ్రీల దగ్గర రెండోది మసకగా, రంగులు తిరగబడి ఉంటుంది. ఈ రెంటి మధ్య ఆకాశం చుట్టుపక్కల కన్నా నల్లగా ఉండటం చాలామంది గమనించరు. ఇక్కడ మాత్రం పోలరైజర్‌ను జాగ్రత్తగా తిప్పాలి. ధనుస్సు కాంతి చాలావరకు ఒకే దిశలో కంపించేది (ధ్రువీకరణ చెందినది) కనుక ఒక కోణంలో దాని భాగం ఫొటోలోంచి మాయమైపోతుంది.

చీకటి పడేవేళకు పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయి. నేల మెత్తబడితేనే కొత్త జంటలు గూడు తవ్వుకోగలవు, గాలిలో తేమ ఉంటేనే వాటి ఒళ్ళు ఎండిపోదు. అందుకే వానకోసం కాచుకుంటాయి. టార్చి వేస్తే దారితప్పి వెలుగు చుట్టూ మూగుతాయి. టార్చి ఆర్పి, పడమటి వెలుగుకు ఎదురుగా కూర్చుంటే రెక్కలు బాగా కనిపిస్తాయి. నీటిగుంటల దగ్గర కప్పలు మన అడుగుల అదురుకే అరుపు ఆపేస్తాయి. కొద్ది నిమిషాలు కదలకుండా ఉంటే ఒకటి మొదలుపెడుతుంది, మిగతావి అందుకుంటాయి. ఉసిళ్ళు బాగా లేచినచోటును గుర్తుపెట్టుకోవడం మంచిది. మఖమలు గుడ్డలా ఎర్రగా ఉండే ఆరుద్ర పురుగులు వాటిని తినడానికి కూడా నేలలోంచి వస్తాయి. బయట ఉండేది కాసేపే కాబట్టి, మర్నాడు ఎండ ముదరకముందే అదే ఇసుకనేలకు వెళ్ళి, అడుగు తీసి అడుగు వేసేముందు కింద చూసుకుంటూ వెతకాలి.