సెన్సర్ మార్చినా ఆరని లైటు: నా అనుభవం

మా కారులో, ఇంజిన్‌లో లోపం ఉందని హెచ్చరించే చెక్ ఇంజిన్ లైటు ఎట్టకేలకు ఆరింది. విజయనగరం నుంచి రణస్థలం మీదుగా శ్రీకాకుళం దాకా, తరువాత ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ పైకీ నడిపి చూశాను. మళ్లీ వెలగలేదు. కోపం చల్లారకముందే ఇదంతా రాసిపెట్టాలని కూర్చున్నాను.

నాది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న పెట్రోల్ కారు. వేగంగా నడిచే బండి అంటే నాకు ప్రాణం. నా జీతంతో, నా పేరు మీద కొనుక్కున్నాను. ఘాట్ ఎక్కుతుండగా ఒక లారీని దాటబోతే పికప్ చచ్చిపోయింది, లైటు వెలిగింది. ఇంటికొచ్చి, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ స్కానర్ పెడితే పి0327 అనే కోడ్ చూపించింది. నాక్ సెన్సర్ సర్క్యూట్ నుంచి సంకేతం తక్కువగా వస్తోందని దాని అర్థం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిన పీజో ఎలక్ట్రిక్ ప్రభావమే ఈ సెన్సర్‌కు ఆధారం. స్ఫటికాన్ని నొక్కితే, అదిరిస్తే దానిలో వోల్టేజి పుడుతుంది. ఇంజిన్‌లో స్పార్క్ పడ్డాక, మంట ఇంకా చేరని మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటే దాన్ని నాక్ అంటారు. ఆ దెబ్బకు ఇంజిన్ బ్లాక్ సుమారు 6, 7 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కంపిస్తుంది. సిలిండర్ వ్యాసాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. బ్లాక్‌కు బిగించిన సెన్సర్ ఆ కంపనాన్ని పసిగడితే, కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేసి ఇంజిన్‌ను కాపాడుతుంది. సెన్సర్ మాట నమ్మలేని పరిస్థితి వస్తే ముందుజాగ్రత్తగా స్పార్క్‌ను బాగా వెనక్కి జరిపి, టర్బో ఒత్తిడినీ తగ్గిస్తుంది. ఘాట్‌లో నా కారు బలం పోయింది అందుకే.

విశాఖలోని సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లాను. తోడుగా మా తమ్ముడు వచ్చాడు. వాడు డిగ్రీ చదువుతున్నాడు, స్టీరింగ్ ఎన్నడూ పట్టినవాడు కాదు. నేను కోడ్ గురించి చెబుతుంటే సర్వీసు అడ్వైజర్ నా వైపు చూడనైనా చూడకుండా వాడికే జవాబు చెప్పాడు. ఎస్టిమేట్ కాగితం కూడా వాడి చేతికే ఇచ్చాడు. కారు నాదని చెబితే, "సార్‌కు ఒకసారి ఫోను కలపండి మేడమ్, వివరంగా మాట్లాడతాను" అన్నాడు. ఏ సార్? సంతకం నాది, డబ్బు నాది. సెన్సర్ మార్చి బిల్లు మాత్రం నా చేతిలో పెట్టారు. తిరుగు దారిలో ఆనందపురం దాటకముందే లైటు మళ్లీ వెలిగింది.

రెండోసారి వెళ్లినప్పుడు జరిగింది ఇప్పటికీ మింగుడుపడటం లేదు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ వినేలా ఆ అడ్వైజర్, "మీ ఊరి బంకుల్లో కల్తీ పెట్రోల్ పోయిస్తారు, బయట ఎవరి దగ్గరో కంప్యూటర్ ట్యూనింగ్ చేయిస్తారు, తరువాత మా మీదికి వస్తారు" అన్నాడు. ట్యూనింగ్ నేను చేయించలేదు. పెట్రోల్ ఎప్పుడూ నాక్‌ను బాగా తట్టుకునే 95 ఆక్టేనే పోయిస్తాను. పెట్రోల్ చెడ్డదైతే నాక్ పెరుగుతుంది, నాక్ పెరిగితే సెన్సర్ సంకేతమూ పెరగాలి, ఇక్కడ మీ కంప్యూటర్ సంకేతం తక్కువని కదా చెబుతోంది అని అడిగాను. "ఇవి సాంకేతిక విషయాలు మేడమ్, మీకు అర్థం కావు. ఇంజిన్ విప్పాలి" అన్నాడు. పక్కన కూర్చున్న ఒకాయన నవ్వాడు. ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు కంపనాలూ తరంగాలూ చెబుతున్న మనిషిని నేను. ఆ ప్రశ్నకు ఆ సెంటర్‌లో ఒక్కరూ జవాబు చెప్పలేదు. అమ్మేటప్పుడు ఆడవాళ్ల ఎదుట చేతులు కట్టుకుని నిలబడేవారు, బాగుచేసే వేళ మగవాడి కోసం వెతకడం సిగ్గుచేటు. పాత సెన్సర్ ఇమ్మని పట్టుబట్టి తీసుకుని, కారుతో సహా బయటికి వచ్చేశాను.

స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే వివరం ఉంటుంది. కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, దాని మీద పడిన భారం (లోడ్), వేడి ఎంత ఉన్నాయో అందులో కనిపిస్తాయి. ఘాట్‌లో మొదటిసారి తప్ప, నా కారులో అన్నిసార్లూ లోడ్ తక్కువే. అంత తేలికగా నడుస్తున్నప్పుడు నాక్ రావడం అరుదు. పైగా గతుకుల రోడ్డు మీదే లైటు వెలుగుతోంది. దీంతో నా అనుమానం తీగ మీదికి వెళ్లింది.

విజయనగరం కంటోన్మెంట్ దగ్గర ఒక పెద్దాయన ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తారు. నేను చెప్పిందంతా విని, "సెన్సర్ మాట తరువాత అమ్మా, ముందు దాని తీగ చూద్దాం" అన్నారు. బ్యాటరీ తీగ తీసి, సెన్సర్ కప్లర్ నుంచి కంప్యూటర్ కప్లర్ దాకా మీటర్ పెట్టారు. నిరోధం ఒక ఓమ్ కూడా చూపించకూడని చోట, వైరింగ్‌ను కదిపినప్పుడల్లా అంకె ఎగిరిపడింది. మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలిని పంపే గొట్టాల భాగం) కింద బ్రాకెట్ అంచున తీగ ఒరుసుకుపోయి ఉంది. పైతొడుగు చిరిగి, లోపలి రాగి పోగులు కొన్ని తెగి, మిగిలినవి పచ్చగా చిలుము పట్టాయి. తీగను పట్టి ఉంచాల్సిన క్లిప్పు అక్కడ లేనే లేదు. సెన్సర్ మార్చడానికి మానిఫోల్డ్ విప్పిన ఆ సెంటర్ వాళ్లకు ఇది కనిపించనే లేదా?

నేను తెచ్చుకున్న పాత సెన్సర్‌నూ పరీక్షించారు. దాన్ని మళ్లీ బ్లాక్‌కు బిగించి, మీటర్‌ను ఏసీ మిల్లీవోల్టులలో ఉంచి, పక్కన బ్లాక్ మీద చిన్న స్పానర్‌తో తట్టారు. తట్టిన ప్రతిసారీ అంకె కదిలింది. నిక్షేపంగా ఉంది! సెన్సర్‌నే కొట్టకూడదు, స్ఫటికం పగులుతుంది. తెగిన చోట మామూలు తీగ అతికించవద్దని నేను చెప్పేలోపే ఆయన షీల్డ్ ఉన్న తీగ బయటికి తీశారు. ఈ సంకేతం మిల్లీవోల్టులలో ఉంటుంది కాబట్టి షీల్డ్ లేకపోతే ఇగ్నిషన్ కాయిళ్ల రొద అందులో కలుస్తుంది. టంకం వేసి, స్లీవ్ తొడిగి, సెన్సర్ బోల్టును మాన్యువల్‌లో ఉన్నట్టు 20 న్యూటన్ మీటర్లకు టార్క్ రెంచితో బిగించారు. కింద వాషర్ వేయకూడదు, పెయింటూ తుప్పూ ఉండకూడదు. బిగింపు ఎక్కువైనా తక్కువైనా సెన్సర్ కంపనాన్ని సరిగ్గా పట్టుకోలేదు. ఆయన తీసుకున్న కూలి, సర్వీసు సెంటర్ బిల్లుపై పడిన పన్ను పాటి కూడా లేదు.

ఈ కోడ్ వస్తే వెంటనే సెన్సర్ కొనకండి. ఫ్రీజ్ ఫ్రేమ్ చూడండి, తీగ పరీక్ష చేయించండి, మార్చిన పాత భాగాన్ని తప్పకుండా అడిగి తీసుకోండి. నా దగ్గర అదే ఇప్పుడు సాక్ష్యం. అనవసరంగా మార్చిన సెన్సర్ సొమ్ము తిరిగి ఇవ్వాలని సర్వీసు సెంటర్‌కు స్పీడ్ పోస్టులో లేఖ పంపాను. తెగిన తీగ ఫోటోలు, పాత బిల్లు నకలు జతచేశాను. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫీజు కట్టనక్కర్లేదు, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. లాయరు కూడా అవసరం లేదు, నా వాదన నేనే వినిపిస్తాను.