కింగ్ కంటే ముందు మాట్లాడినాయన

నిన్న రాత్రి నిద్ర పట్టక 1963 ఆగస్టు 28 వాషింగ్టన్ సభ ఆడియో పెట్టుకున్నా. మార్టిన్ లూథర్ కింగ్ స్పీచ్ అందరికీ తెలుసు కదా, దానికి సరిగ్గా ముందు మాట్లాడింది ఎవరో నాకు ఇన్నాళ్లూ తెలీదు. జోఆకిమ్ ప్రింజ్ అని ఒక యూదు రబ్బీ, అంటే వాళ్ల మతగురువు. హిట్లర్ టైంలో బెర్లిన్‌లో ఉండి నాజీలకి ఎదురు మాట్లాడుతూనే ఉన్నారంట, 1937లో దేశం నుంచి వెళ్లగొడితే అమెరికా వచ్చారు. అలాంటాయన తన వాళ్ల బాధ చెప్పుకుని ఊరుకోవచ్చు, కానీ నల్లజాతి వాళ్ల హక్కుల కోసం ఆ స్టేజీ ఎక్కి ఏమన్నారంటే, హిట్లర్ టైంలో జర్మనీలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటే, అన్నిటికంటే పెద్ద సమస్య ద్వేషం కాదు, మౌనం అని. పొరుగువాడు అంటే పక్కన ఉండేవాడని కాదు, అదొక నైతికమైన మాట అని కూడా. పొరుగువాడి ప్రాణం మీదికొస్తే చూస్తూ నిలబడొద్దని వాళ్ల పవిత్ర గ్రంథం తోరాలోనే ఉంది, లేవీయకాండం 19:16.

ఇయర్‌ఫోన్స్ తీసేశా. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పనివాళ్లు లిఫ్ట్ ఎక్కొద్దని రూల్ పెట్టారు, నాకు తప్పనిపించింది, అయినా చేతిలో టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నా. చెయ్యెత్తలేదు, వద్దనీ అనలేదు. మా ఇంట్లో చేసే అక్క మోకాళ్ల నొప్పులతో నాలుగో ఫ్లోర్‌కి రెయిలింగ్ పట్టుకుని, రెండో ఫ్లోర్ దగ్గర కాసేపు కూర్చుని, మళ్లీ లేచి వస్తోంది.

ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది. ఆ రూల్ తీసెయ్యాలి, నేను మాట్లాడతా అని సెక్రటరీ గారికి పొద్దున్నే మెసేజ్ పెట్టా.