మనసా అని పిలుస్తున్నది ఎవరు?

ఆత్రేయ గారిది సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. 1921లో పుట్టారు. తెలుగువాళ్లంతా ఆయన్ని మనసు కవి అంటారు. మా నెల్లూరు వాళ్లకైతే ఆయన మీద ఇంకాస్త చనువు ఎక్కువ. ఆ చనువుతోనే ఆయన సినిమా పాట ఒకదాన్ని నేను సంధ్యవేళ దీపం పెట్టాక పాడుకుంటుంటాను. 'మౌనమే నీ భాష ఓ మూగ మనసా' అన్న పాట.

1979లో వచ్చిన 'గుప్పెడు మనసు' కోసం రాశారు. సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, పాడింది మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కథలో అది మనుషులు పడే వేదనకు సంబంధించిన పాటే, భక్తి గీతం కాదు. అయినా నాకు మాత్రం అందులో వేదాంతం వినిపిస్తుంది.

'లేనిది కోరేవు, ఉన్నది వదిలేవు' అని కవి మనసును నిలదీస్తాడు. నిలదీస్తున్నది ఎవరు? కోరిందీ మనసే, వదిలిందీ మనసే. ఆ రెండూ చూసి, పేరు పెట్టి పిలిచి అడుగుతున్నవాడు ఆ మనసు కాలేడు కదా! వేదాంతులు సాక్షి అని చెప్పేది ఈ చూసేవాణ్ణే. మనకు కోపం వస్తే నిలువెల్లా కోపమే అయిపోతాం. 'మనసా, నీకు కోపం వచ్చిందే' అని ఒక్కసారి అనుకోగలిగితే చాలు, ఆ కోపానికీ మనకీ మధ్య జానెడు చోటు దొరుకుతుంది. సాధన మొదలయ్యేది ఆ జానెడు చోటులోనే అని నా నమ్మకం.

గీత ఆరో అధ్యాయంలో అర్జునుడిదీ ఈ గోడే. 'చంచలం హి మనః కృష్ణ', దాన్ని పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టం అంటాడు. అప్పుడు భగవంతుడు కసురుకోడు. 'అసంశయం మహాబాహో', సందేహమే లేదు, నువ్వన్నది నిజమే అని ముందు ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే అభ్యాసం, వైరాగ్యం అనే దారి చూపిస్తాడు. జపంలో కుదురు లేదని టెన్షన్ పడే నాలాంటి వాళ్లకు ఆ ఒప్పుకోలే కొండంత అండ.

ఆత్రేయ పాట మన బాధేమిటో చెప్పి ఆగుతుంది. ఆ తర్వాత ఏం చేయాలో త్యాగరాజస్వామి దగ్గర దొరుకుతుంది. ఆయన ఇంటిపేరు కాకర్ల. పూర్వీకులది ప్రకాశం వైపు, కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామమే అంటారు. 'తెలిసి రామ చింతనతో నామము సేయవే ఓ మనసా' అని ఆయన కూడా మనసుతోనే మాట్లాడారు. ఆ వెంటనే 'తలపులన్ని నిలిపి నిమిషమైన' అన్నారు. నిమిషమైనా చాలట! ఎంత దయ ఆ మాటలో! బాలమురళి గారు త్యాగరాజ శిష్య పరంపరలోని వారే కాబట్టి, సినిమా పాట వింటున్నప్పుడు కూడా నాకు ఆ కృతి గుర్తొస్తుంది.

పెన్న ఒడ్డున మా రంగనాయకుల గుడిలో ప్రదక్షిణ చేసేటప్పుడు కాళ్లు తిరుగుతుంటాయి, మనసు పిల్లల ఫీజుల దగ్గరో ఎవరో అన్న మాట దగ్గరో ఉంటుంది. ఇదివరకు విసుక్కునేదాన్ని. ఇప్పుడు 'మనసా, ఎక్కడున్నావ్?' అని అడుగుతాను. అడిగితే వస్తుంది. నాలుగడుగుల తర్వాత మళ్లీ పోతుంది. మళ్లీ పిలుస్తాను. ఎటు పోతే అటు నుంచి వెనక్కి తెచ్చుకోమనే కదా గీత కూడా చెప్పింది.