కువేకా సోలా అచ్చులో తెలుగు పాట కట్టడం: నా అనుభవం

కువేకా చిలీ దేశపు జంట నృత్యం. ఆడా మగా చేతిరుమాళ్ళు ఊపుతూ ఆడతారు. సైనిక నియంత పినోచెట్ పాలనలో మాయమైనవాళ్ళ తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు 1978 మార్చి 8న సాంతియాగోలోని కౌపోలికాన్ థియేటర్‌లో దాన్ని జోడీ లేకుండా ఆడారు. అదే కువేకా సోలా, అంటే ఒంటరి కువేకా. తెల్ల జాకెట్టు, నల్ల లంగా, గుండె మీద బిడ్డదో భర్తదో ఫొటో. మరుసటి ఏడు ఆ ప్రభుత్వమే కువేకాను జాతీయ నృత్యంగా ప్రకటించింది. ఆ తల్లుల కోసం పాట రాయాలంటే ఇంతకన్నా తగిన అచ్చు నాకు కనిపించలేదు.

పాటకు 14 పాదాలు. మొదట 8 అక్షరాలవి నాలుగు, తర్వాత 7, 5 చొప్పున మారుతూ ఎనిమిది, చివర 7, 5తో ముక్తాయింపు.

అక్షరాలు లెక్కపెట్టి రాస్తే తెలుగులో కుదరదు. "కొడుకు కబురు లేదు", "లేడన్నారు ఠాణాలోనూ" రెండూ ఎనిమిది అక్షరాలే. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికే సేపు, పొడుగు అక్షరానికి రెండు. ఆ లెక్కన మొదటిది 9 మాత్రలు, రెండోది 15. అందుకే పెద్ద పాదానికి (8, 7 అక్షరాలవాటికి) 12 మాత్రలు, అంటే ఆరేసి మాత్రల ఆవర్తనాలు రెండు పెట్టుకున్నాను.

అసలు కష్టం నడకలో ఉంది. కువేకాలో ఆరు మాత్రలు ఒకసారి 3+3గా, ఒకసారి 2+2+2గా విరుగుతాయి. "అన్నం పెట్టి ఉంచాను" చూడండి: అ-న్నం-పె 2+2+2, ట్టి ఉం-చాను 3+3. రెండు విరుపులూ ఒకే పాదంలో దొరికాయి. పాడేవాళ్ళు అలవాటుకొద్దీ "పెట్టుంచాను" అని సంధి చేసేస్తారు. ఒక మాత్ర పోతుంది, గిటారు ముందుకెళ్ళిపోతుంది. సాధనలో కాలితో 3+3, చేత్తో 2+2+2 కొడుతూ, బాగా నెమ్మదిగా మొదలుపెట్టాలి.

7, 5గా మారే ఆ ఎనిమిదింటిలో నాలుగోది 5 అక్షరాల చిన్న పాదం. దాన్ని స్పానిష్‌లో మళ్ళీ ఎత్తుకుని చివర "సీ" చేరుస్తారు. అంటే అవును. ఊనిక చివరి అక్షరం మీద పడితే వాళ్ళు ఒకటి కలిపి లెక్కేస్తారు గనక 5 కాస్తా 7 అవుతుంది. తల్లి నోట "అవును" నాకు అతకలేదు. "ఇంటికి రావేం" (5 అక్షరాలు, 8 మాత్రలు) తిరిగొచ్చినప్పుడు "ఇంటికి రావేం, రారా" చేశాను. సరిగ్గా 7 అక్షరాలు, 12 మాత్రలు. కూతురికి "రావే" అంటే మాత్రలు సరిపోతాయి కానీ "రావేం" పక్కన రెండూ ముద్దయిపోతాయి. అక్కడ "తల్లీ" పెట్టండి.

చిన్న పాదాలకు 8 మాత్రలే పాట. మిగిలిన నాలుగు ఖాళీ. మామూలు కువేకాలో ఇలాంటి చోట్ల ఊతపదాలు వేసి నింపుతారు. ఇక్కడ ఏమీ వేయకూడదు, చివరి అక్షరాన్ని సాగదీయనూ కూడదు. రావలసిన మనిషి చోటు అది. గిటారు మాత్రం ఆపొద్దు. ఆగితే తర్వాతి పాదం ఎత్తుగడ తప్పుతుంది.